పాత మ్యాచ్‌బాక్స్ కారు: అడుగు చదవడం, కడగడం, బాగుచేయడం

నల్లగొండలోనో పాలమూరులోనో పాత ఇంటి అటక సర్దుతుంటే రేకు డబ్బాలో అగ్గిపెట్టంత ఇనుప కారు ఒకటి బయటపడుతుంది. లండన్‌లో ఉన్న చుట్టం తెచ్చిందో, దుబాయ్ నుంచి సూట్‌కేసులో వచ్చిందో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నదో అయి ఉంటుంది. నిజానికి అది ఇనుము కాదు, జింకు మిశ్రమం. ఆ తేడా తెలియకనే చాలా కార్లు పాడవుతున్నాయి. రాగి చెంబును తోమినట్టు చింతపండు పెట్టి తోముతారు. పులుపు రాగి మీది చిలుమును తీస్తుంది గానీ జింకును మాత్రం తినేస్తుంది. రంగు పోయినచోట లోహం నల్లబడి గుంటలు పడుతుంది, అడుగున ఉన్న సన్నటి అక్షరాలు చెరిగిపోతాయి. ఆ అక్షరాలే కారు జాతకం. అందుకే మొదటి పని కడగడం కాదు, బోర్లించి చదవడం.

అడుగు చదివే పద్ధతి

గడియారాలు రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, సెల్‌ఫోన్ లైటు, మెత్తటి పెయింటింగ్ బ్రష్, ఈ మూడు చాలు. బ్రష్‌తో పొడి దుమ్ము దులపండి. నీళ్లు వద్దు. లైటును పైనుంచి కాకుండా ఒక పక్కనుంచి వాలుగా వేస్తే అరిగిపోయిన అక్షరాలకు నీడ పడి కనబడతాయి. నాలుగు పక్కల నుంచీ వేసి చూడండి, ఫోటో తీయండి. తర్వాత ఏ తప్పు జరిగినా ఈ ఫోటోయే ఆధారం.

అక్కడ కనిపించేవాటికి అర్థం తెలియాలంటే మ్యాచ్‌బాక్స్ కార్లు చేసిన కంపెనీ నడిచిన దారి కొంత తెలిసుండాలి. లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు 1947 జనవరిలో లండన్‌లో లెస్నీ ప్రొడక్ట్స్ మొదలుపెట్టారు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు. బడిలో కలిసి చదువుకుని, నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు. ఉత్తర లండన్‌లో రైఫిల్‌మ్యాన్ అనే పాడుబడ్డ పబ్బులో పని ప్రారంభమైంది. కరిగించిన జింకును ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి వస్తువులు పోతపోయడం వాళ్ల పని. ముందు బొమ్మలు కాదు, ఫ్యాక్టరీలకు కావలసిన చిన్న విడిభాగాలు చేసేవారు. అచ్చుల పనిలో దిట్ట అయిన జాక్ ఓడెల్ తర్వాత చేరాడు. 1948లో రోడ్డు రోలర్ బొమ్మతో ఆటవస్తువుల వైపు వచ్చారు. 1951లో రాడ్నీ స్మిత్ తప్పుకున్నాడు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి చేసిన చిన్న రథం పదిలక్షలకు పైగా అమ్ముడుపోయి కంపెనీని నిలబెట్టింది.

అగ్గిపెట్టె ఆలోచన ఓడెల్ ఇంట్లో పుట్టింది. అతని కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తేనిచ్చేవారు. రోడ్డు రోలర్‌ను అంత చిన్నగా ఇత్తడితో చేసి కూతురికి ఇచ్చాడు. అదే 1953లో మ్యాచ్‌బాక్స్ వరుసలో ఒకటో నంబరు అయింది. రెండు డంపర్, మూడు సిమెంటు మిక్సర్, నాలుగు మాసీ హారిస్ ట్రాక్టర్, ఐదు లండన్ డబుల్ డెక్కర్ బస్సు. 1960 నాటికి ఆ సంఖ్య 75కు చేరి అక్కడే ఆగింది. ఆ తర్వాత కొత్త మోడల్ వస్తే పాతదాన్ని ఆపి, దాని నంబరును కొత్తదానికి ఇచ్చేవారు. కాబట్టి నంబరు ఒక్కటి చూసి కారు పేరు చెప్పడం కుదరదు. అదే నంబరు మీద ముప్పై ఏళ్లలో ఎన్నో బండ్లు వచ్చాయి.

ఇప్పుడు అక్షరాలు. ‘మోకో’ అనే పేరు లెస్నీతో కలిసి ఉంటే 1950ల బండి. మోకో అంటే అప్పట్లో లెస్నీ సరుకును పంపిణీ చేసిన సంస్థ. ఆ దశాబ్దం చివర్లో దాని వాటాను లెస్నీయే కొనేసింది. మోకో లేకుండా లెస్నీ, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ మాత్రమే ఉంటే 1982 దాకా ఎప్పటిదైనా కావచ్చు. 1982 జూన్‌లో లెస్నీ దివాలా తీసి, హాంకాంగ్‌కు చెందిన యూనివర్సల్ చేతికి వెళ్లింది. అప్పటినుంచి లెస్నీ పేరు పోయి ‘మ్యాచ్‌బాక్స్ టాయ్స్’ అని వస్తుంది, ఊరు పేరు మకావ్, చైనా, థాయ్‌లాండ్ అని మారుతూ పోతుంది. 1992లో టైకో, 1997లో మ్యాటెల్ అనే అమెరికా బొమ్మల కంపెనీలు దాన్ని కొన్నాయి. మ్యాటెల్ పేరు ఉన్నది పాతదే కాదు. మన ఇళ్లలో బయటపడేవాటిలో మకావ్ బండ్లు ఎక్కువే. అవి చెడ్డవని కాదు, ఇంగ్లండ్ పోత అనుకుని ధర పెట్టకూడదు.

అందరూ బోల్తా పడేది సంవత్సరం దగ్గర. అడుగున 1969 అని ఉంటే కారు 1969లో తయారైందని అర్థం కాదు. ఆ ఏడు ఆ నమూనాకు హక్కు నమోదైంది, అంతే. అదే అచ్చుతో ఏళ్ల తరబడి పోతపోశారు. తయారైన కాలాన్ని తేల్చేది చక్రాలు.

చక్రాల వరుస ఇది. మొట్టమొదట లోహపు చక్రాలు. 1950ల చివర్లో బూడిదరంగు ప్లాస్టిక్ వచ్చింది, కొన్నిటికి వెండిరంగు ప్లాస్టిక్. 1960ల్లో నల్ల ప్లాస్టిక్ స్థిరపడింది. 1968లో అమెరికా నుంచి హాట్ వీల్స్ వచ్చి, సన్నటి ఇరుసుల మీద జారిపోయే కార్లతో పిల్లలను లాగేసుకుంది. లెస్నీ 1969లో ‘సూపర్‌ఫాస్ట్’ పేరుతో బదులిచ్చింది. ఇరుసు సన్నబడింది, చక్రం వేగంగా తిరిగే రకంగా మారింది. ఆ మార్పు జరిగిన ఏడాది రెండేళ్లలో అదే బాడీ పాత చక్రాలతోనూ కొత్త చక్రాలతోనూ కనబడుతుంది. సేకరించేవాళ్లు వెతికేది ఆ జంటలనే. తొలి సూపర్‌ఫాస్ట్ చక్రాలు వెడల్పు తక్కువ, తర్వాతివి వెడల్పు. ఇరుసు కొసను కూడా చూడండి. బాగా పాత బండ్లలో కొసను నొక్కి చదును చేసినట్టు ఉంటుంది, తర్వాతివాటిలో రివెట్ తలలా గుండ్రంగా ఉంటుంది.

చక్రాలు మార్చేశారా లేదా అన్నది ఇరుసు కొసే చెబుతుంది. అక్కడ ఆకురాయి గీతలు, కొత్త లోహపు మెరుపు, జిగురు మరక ఉంటే ఎవరో విప్పారు. రంగు మళ్లీ వేశారా అన్నది అడుగును బాడీకి పట్టి ఉంచే రివెట్లు చెబుతాయి. ఫ్యాక్టరీలో బాడీకి రంగు వేసి, ఆరాక అడుగును పెట్టి రివెట్ తలను తిప్పి అణిచేవారు. అందుకని రివెట్ తల మీద బాడీ రంగు ఉండకూడదు. ఉంటే బండిని విప్పకుండానే రంగు కొట్టారన్నమాట.

మ్యాచ్‌బాక్స్ కాకపోతే

అరచేతిలో నిండుగా పట్టేంత పెద్దదై, లోహపు చక్రానికి విడిగా రబ్బరు టైరు ఉంటే డింకీ గానీ కార్గీ గానీ అయి ఉండవచ్చు. డింకీ అడుగున ‘మెకానో లిమిటెడ్’ అని ఉంటుంది. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన కంపెనీ అది. డింకీ టాయ్స్ పేరు 1934లో వచ్చింది, ఆ ఫ్యాక్టరీ 1979 నవంబరులో మూతపడింది. కార్గీ 1956 జూలైలో మెటాయ్ కంపెనీ వేల్స్‌లోని స్వాన్సీ నుంచి తెచ్చింది. కిటికీలకు పారదర్శక ప్లాస్టిక్ పెట్టడం కార్గీ గొప్ప. 1965లో వచ్చిన బంగారు రంగు జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్ దొరికితే ముందు పైకప్పు మూత, సీటులోంచి ఎగిరిపడే చిన్న మనిషి బొమ్మ ఉన్నాయా చూడండి. ఎక్కువగా పోయేవి అవే.

మన దేశపు బండి ఒకటి ఉంది. మెకానో వాడి వదిలేసిన డింకీ అచ్చులు కలకత్తాకు వచ్చాయి. 1960ల చివరి నుంచి అక్కడ వాటితోనే ‘నిక్కీ టాయ్స్’ పేరుతో కార్లు తయారయ్యాయి. రంగు కాస్త మోటుగా ఉంటుంది, అడుగున డింకీ పేరును చెరిపిన జాడ ఉంటుంది. దాన్ని నకిలీ అనుకుని పారేయకండి. అచ్చు అసలుదే, చరిత్ర మనది. ఇలాంటిదాన్ని రంగు తీసి డింకీలా మార్చడం ఎంతమాత్రం సరికాదు.

ఎంతవరకు చేయి పెట్టాలి

రంగు సగానికి పైగా నిలిచి ఉంటే మళ్లీ రంగు వేయకండి. గీతలున్న అసలు రంగుకు ఉన్న విలువ నిగనిగలాడే కొత్త రంగుకు రాదు. అది డబ్బు మాట మాత్రమే కాదు. లండన్‌లోని హాక్నీలో ఉన్న లెస్నీ ఫ్యాక్టరీలో పడిన పొర ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోలేం. కడిగి, ఇరుసులకు నూనె పెట్టి వదిలేయండి. రంగంతా ఊడిపోయినది, ఎవరో ఇంటి పెయింటు పూసినది, కిటికీ ప్లాస్టిక్ విరిగిపోయినది అయితేనే పూర్తిగా విప్పే పని పెట్టుకోవాలి.

ఒక జబ్బుకు మందు లేదు. బాడీ మీద సాలెగూడులా పగుళ్లు, అంచులు వంకరపోవడం, ఉబ్బడం, గోటితో నొక్కితే పలుకులుగా రాలడం కనిపిస్తే అది జింకు కుళ్లు. మిశ్రమంలో సీసం వంటి మాలిన్యం కొద్దిగా కలిసినా లోహపు రేణువుల మధ్య తుప్పు మొదలై లోపలి నుంచి తినేస్తుంది. తేమ దాన్ని తొందరపెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీల్లో ఇది ఎక్కువ, లెస్నీ బండ్లలో అరుదు. పక్క బండికి అంటదు. నీటిలో ముంచకండి, రంగు తీయకండి, ఫోటోలు తీసి పొడి డబ్బాలో పెట్టండి. రంగు లేని అడుగు మీద పైపైన కనబడే తెల్ల పొడి వేరు, దాన్ని చూసి భయపడనక్కరలేదు. కుట్టుమిషన్ నూనె చుక్క వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది.

కడగడం

అర లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. కాగితపు స్టిక్కర్ ఉన్న బండిని మాత్రం ముంచకండి, తడి ఇయర్‌బడ్‌తో చుట్టూ తుడవండి. నీటితో అంటించే పల్చటి బొమ్మ (డెకాల్) ఉన్నచోట కూడా రుద్దకూడదు. స్టిక్కర్ లేని బండినైతే ఐదు నిమిషాలు నానబెట్టి పిల్లల టూత్‌బ్రష్‌తో తోమండి. చక్రాల వెనక ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు పట్టకారుతో లాగండి. బండి సరిగా తిరగకపోవడానికి సగం కారణం అదే.

చివరి కడుగు ఏ నీళ్లతో అన్నది మన దగ్గర ముఖ్యం. నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. దానితోపాటు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అవి ఆరినచోట తెల్ల మచ్చ కడతాయి. కిటికీ ప్లాస్టిక్ లోపలివైపు పడితే బండి విప్పకుండా తీయలేం. అందుకని ఆఖరున ఫిల్టర్ క్యాన్ నీళ్లతో, కుదిరితే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తడపండి. బోర్లా పెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు. మే నెల ఎండకు డాబా మీద పెట్టిన లోహం చేయి కాలేంత వేడెక్కుతుంది, కిటికీ ప్లాస్టిక్ వంగుతుంది, డెకాల్ లేచిపోతుంది. పూర్తిగా ఆరాక ఇరుసు రెండు కొసల్లో సూదిమొనతో తీసుకున్నంత కుట్టుమిషన్ నూనె పెట్టండి. ఎక్కువైతే దుమ్ము పట్టి ముద్దవుతుంది.

దరిచేరనీయకూడనివి: నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడులు, బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా. మొదటివన్నీ ఆమ్లాలు కనుక జింకు కరుగుతుంది. కాస్టిక్ సోడా క్షారం అయినా అదే పని చేస్తుంది. బుడగలుగా హైడ్రోజన్ వస్తుంది, లోహం నల్లబడుతుంది. రంగు తొందరగా ఊడుతుందని దాన్ని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అక్షరాలు మొద్దుబారడం భూతద్దంలో చూస్తే ఆ సలహా ఎవరూ ఇవ్వరు.

విప్పడం

పనిముట్లు హైదరాబాద్ దాకా పోకుండానే దొరుకుతాయి. అవుసలివాళ్లు వాడే చేతి డ్రిల్లు, 1.5, 1.6, 3 మిల్లీమీటర్ల బిట్లు, సెంటర్ పంచ్, 2 మిల్లీమీటర్ల మర కోసే ట్యాప్, 2 మిల్లీమీటర్ల మందం 4 లేదా 5 మిల్లీమీటర్ల పొడవు స్క్రూలు. నగల పనిముట్లు అమ్మే దుకాణంలో బిట్లు, హార్డ్‌వేర్ షాపులో ట్యాప్, సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల దగ్గర చిన్న స్క్రూలు అడగండి.

బండిని వైస్‌లో బిగించకండి, బాడీ నొక్కుకుపోతుంది. పాత రబ్బరు చెప్పు ముక్క మీద బోర్లించి ఎడమచేత్తో గట్టిగా పట్టుకోండి. రివెట్ తల సరిగ్గా నడుమ పంచ్‌తో చిన్న గుంట పెట్టండి. ఇది వదిలేస్తే బిట్ జారి అడుగు మీద గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. గుంటలో 1.5 బిట్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు తొలిచి, 3 మిల్లీమీటర్ల బిట్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. తల చుట్టూ ఉన్న లోహం ఉంగరంలా లేవగానే ఆపాలి. ఇంకా తొలిస్తే లోపలి కంబం (రివెట్ తల కింద బాడీతో కలిపి పోసిన కడ్డీ) పొట్టిదైపోయి మళ్లీ అడుగు నిలవదు. కొత్తవాళ్లు బండ్లు పాడుచేసేది ఎక్కువగా ఇక్కడే. కరెంటు డ్రిల్లు వాడితే అతి తక్కువ వేగంలో. అడుగు ప్లాస్టిక్‌ది అయితే వేడికి కరిగి బిట్‌కు అంటుకుంటుంది.

అడుగు లేవగానే దేన్నీ కదపకుండా ఫోటో తీయండి. కిటికీ, సీట్లు, సస్పెన్షన్ పట్టీ, ఇరుసులు ఏ వరుసలో ఉన్నాయో, ఏది ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. ప్రతి భాగాన్నీ మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. 1950ల బండ్లలో చాలావాటికి విడి అడుగు ఉండదు. ఇరుసు నేరుగా బాడీలోంచే పోతుంది. అలాంటిచోట ఒక కొసను మాత్రమే ఆకురాయితో తీసి ఇరుసు లాగాలి. రెండు కొసలూ తీయకండి. వంగిన ఇరుసును అద్దం పలక మీద దొర్లిస్తే ఎక్కడ వంగిందో తెలుస్తుంది. చదునైన ఇనుము మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సరిచేయండి.

మళ్లీ బిగించడానికి అరాల్డైట్ చాలు అనుకుంటారు. నిజమే, నిలుస్తుంది, కానీ ఇంకోసారి విప్పాలంటే కష్టం. కంబంలో 1.6 బిట్‌తో 4 మిల్లీమీటర్ల లోతు తొలిచి మర కోయడం మేలు. కంబం సన్నటిది, 2 మిల్లీమీటర్లకు మించిన మర పెడితే చీలుతుంది. ట్యాప్‌కు నూనె చుక్క వేసి సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పకపోతే మెత్తటి జింకు తురుము పళ్లలో ఇరుక్కుని ట్యాప్ విరుగుతుంది. విరిగిన ట్యాప్ ముక్కను ఆ కంబంలోంచి తీయడం దాదాపు అసాధ్యం. ఫెవిక్విక్‌ను కిటికీ ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి. దాని ఆవిరికే ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది.

పాత రంగు తీయడం

అసలు రంగు వేడిలో గట్టిపరిచిన ఎనామిల్. థిన్నర్‌కు అది సులువుగా ఊడదు, మెరుపు మాత్రం పోతుంది. పెయింట్ షాపుల్లో దొరికే జెల్ రకం పెయింట్ రిమూవర్ వాడండి. ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేశాకే. గాజు సీసాలో బాడీ పెట్టి, బ్రష్‌తో మందంగా పూసి, మూత పెట్టి 15 నుంచి 20 నిమిషాలు ఆగితే రంగు ముడతలు పడి లేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో తీసి, మిగిలినచోట మరోసారి పూయండి. రిమూవర్ డబ్బా మీద చెప్పిన రకం గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. దీని ఆవిరి తలతిరుగుడు తెస్తుంది, కాబట్టి వరండాలో గాలి ఆడేచోట చేయాలి. పిల్లలను దగ్గరికి రానీయొద్దు. పలచటి పాలిథిన్ గ్లవ్స్ దీనికి పనికిరావు.

సబ్బు నీళ్లతో కడిగి ఆరాక, బాడీ మీద అచ్చు రెండు భాగాలు కలిసిన సన్నటి గీత కనబడుతుంది. దాన్ని రాకి నున్నగా చేయాలని చేయి దురద పెడుతుంది. రాకకండి. అది పోత పోసిన గుర్తు, ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది. తర్వాత లోహాన్ని ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవండి, సెల్‌ఫోన్ బోర్డులు శుభ్రం చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ బదులు కాదు. అందులోని గ్లిజరిన్ జిడ్డు మిగిలి రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది. తుడిచాక వేళ్లతో ముట్టకండి, లోపలి కంబానికి కర్రపుల్ల గుచ్చి పట్టుకోండి.

రంగు వేయడం

రంగు వేయడానికి మన ప్రాంతంలో కాలం చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య అన్నిటికంటే మంచి సమయం. ఎండాకాలం మధ్యాహ్నం స్ప్రే చేస్తే తుంపర బండికి చేరేలోపే గాలిలో ఆరిపోతుంది, పైన ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలం ముసురులో లాకర్ రంగు తెల్లగా మసకబారుతుంది, ఎందుకంటే థిన్నర్ ఆవిరైనప్పుడు చల్లబడిన పొర మీద గాలిలోని తేమ దిగుతుంది.

ముందు లోహానికి పట్టే ఎచ్ ప్రైమర్. అది లేకుండా జింకు మీద రంగు నిలవదు, గోరు తగిలితే పొరగా ఊడుతుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, బండికి బయట మొదలుపెట్టి బండి దాటాక ఆపుతూ పలచటి పొర. పది పదిహేను నిమిషాలకు ఇంకొకటి. ప్రైమర్ రెండు పొరలు, రంగు మూడు పొరలు. ఒకేసారి మందంగా కొడితే తలుపుల గీతలు, గ్రిల్లు పూడుకుపోతాయి. ఇంత చిన్న బండికి రంగు మందమే శత్రువు. రంగు కోసం కిటికీ కింద, అడుగు అంచున దాగి ఉన్న అసలు రంగు ముక్కను చూపించి బైకు పెయింట్ కలిపే షాపులో కలిపించండి. బయట ఎండకు వెలిసిన రంగును చూపిస్తే తేడా వస్తుంది. కార్లకు వేసే హార్డెనర్ కలిపిన క్లియర్ కోటు ఇంట్లో స్ప్రే చేయవద్దు. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. స్ప్రే అయ్యాక ప్లాస్టిక్ టబ్బు బోర్లించి మూయండి, మన ఎర్రదుమ్ము తడి రంగుకు నిమిషంలో పడుతుంది. 24 గంటలు ముట్టకండి.

డెకాల్ దొరక్కపోతే ఇంక్‌జెట్ డెకాల్ పేపరు మీద ముద్రించుకోవచ్చు. తెల్లరంగును ఇంటి ప్రింటర్ ముద్రించలేదు, కనుక ముదురు బాడీ మీదికి తెల్ల నేపథ్యం ఉన్న పేపరు కొనాలి. ముద్రణ ఆరాక పారదర్శక అక్రిలిక్ స్ప్రే రెండు పలచటి పొరలు వేయకపోతే నీటిలో సిరా కరిగిపోతుంది. ముక్కను కత్తిరించి 20, 30 సెకన్లు నీళ్లలో పెట్టి, బండి మీద నీటి చుక్క వేసి దాని మీదికి జార్చండి. ఫ్యాన్ ఆపి చేయండి, లేకపోతే సర్దేలోపే ఆరి అంటుకుంటుంది.

డింకీ, కార్గీ టైర్లు గట్టిపడి పగిలి ఉంటే బలవంతంగా లాగకుండా బ్లేడుతో కోసి తీయండి. కొత్తవి తెప్పించేటప్పుడు చక్రపు గాడి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి అడగండి, టైరు బయటి కొలత చెబితే వదులుగా వస్తాయి. వేడినీళ్లలో నిమిషం ఉంచితే సులువుగా ఎక్కుతాయి. లెస్నీ చక్రాలకూ తిరిగి తయారుచేసినవి ఇంగ్లండ్ నుంచి దొరుకుతాయి. అవి వేస్తే లోపల అడుగు మీద మార్కర్‌తో సంవత్సరం రాయండి. రేపు ఆ బండి ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు అసలు చక్రాలని మోసపోకూడదు.

దాచడం, పంపడం

కొత్త ప్లైవుడ్ అల్మారాలో మూసి పెట్టకండి. ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు రంగు లేని జింకును తెల్లబరుస్తాయి. గాజు తలుపుల స్టీలు అల్మారా మంచిది, గోడకు ఆనకుండా. అట్టపెట్టె అసలుదై ఉంటే దాని విలువ ఒక్కోసారి కారుతో సమానం. దాన్ని నేల మీద, చెదలు పట్టే గోడ దగ్గర పెట్టకండి. కలరా ఉండలు వేస్తే పురుగులు రావని వేస్తారు. ఆ ఆవిరికి కిటికీ ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. బదులు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. రబ్బరు టైర్ల బండిని ప్లాస్టిక్ డబ్బాలో టైర్ల మీద నిలబెట్టి ఏళ్లపాటు వదిలితే టైరులోని నూనె దిగి డబ్బా అడుగు కరిగినట్టు అవుతుంది. కింద ఒక అట్టముక్క పెట్టండి.

కొరియర్‌లో పంపేటప్పుడు ముందు టిష్యూ, దాని మీద బబుల్ షీటు. బబుల్ షీటు నేరుగా రంగుకు తగిలితే వేడికి గుండ్రటి మచ్చలు అచ్చుపడతాయి. ఇరుసుల మీద బరువు పడకుండా బండి నడుమ కింద మడిచిన అట్ట పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే శనివారం పంపకండి, ఆదివారమంతా పార్సిల్ ఎండలో కాగే గోడౌన్‌లోనే ఉండిపోవచ్చు.